నాంపల్లి లాడ్జిలో దిగేముందు: సందేహాలు - సమాధానాలు

రైల్వే స్టేషన్ల దగ్గర తక్కువ అద్దె లాడ్జిల గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం హైదరాబాద్ నాంపల్లి, అబిడ్స్, కాచిగూడ, అఫ్జల్‌గంజ్ చుట్టుపక్కల గదుల గురించే. ఆ పేటలోనే లాడ్జి కౌంటర్ వెనక ఏళ్ల తరబడి కూర్చున్నవాడిగా ముందు ఒక మాట చెబుతాను. అద్దె తక్కువంటే గది చిన్నదిగా ఉంటుంది, గోడలకు రంగు వెలిసి ఉంటుంది, ఏసీ ఉండదు. అంతవరకు సర్దుకోవచ్చు. కానీ తలుపుకు గట్టి గడియ, ఆపదలో బయటపడే దారి, కట్టిన డబ్బుకు రసీదు, మనిషికి మర్యాద మాత్రం అద్దెతో పాటు తగ్గకూడదు. ఆరువందలు ఇచ్చేవాళ్లకూ ఆరువేలు ఇచ్చేవాళ్లకూ అవి సమానంగా అందాలి.

మా రైలు తెల్లవారుజామున నాలుగింటికి నాంపల్లి చేరింది. అమ్మానాన్నలతో లాడ్జిలో దిగి, స్నానాలు చేసి, పని చూసుకుని సాయంత్రం ఐదింటికి ఖాళీ చేశాం. రెండు రోజుల అద్దె తీసుకున్నారు. పదమూడు గంటలకు రెండు రోజులేమిటండీ?
*– ఒక పాఠకుడు, కర్నూలు*

మీరు దిగినది పన్నెండు గంటల చెకవుట్ పద్ధతి ఉన్న లాడ్జి. అక్కడ మధ్యాహ్నం పన్నెండు నుంచి మర్నాడు మధ్యాహ్నం పన్నెండు వరకు ఒక రోజు. మీరు నాలుగింటికి దిగారు కాబట్టి ముందురోజు లెక్కలో పడ్డారు. పన్నెండు దాటాక ఇంకో రోజు మొదలైంది. చెప్పి తీసుకుంటే అది వాళ్ల పద్ధతి. చెప్పకుండా తీసుకుంటే మాత్రం అన్యాయమే.

స్టేషన్ దగ్గరి పాత లాడ్జిలు చాలావాటిలో ఇరవై నాలుగు గంటల పద్ధతి నడుస్తుంది. నాలుగింటికి దిగితే మర్నాడు నాలుగింటి వరకు గది మీదే. రాత్రి రైళ్లలో వచ్చేవాళ్లకు ఇదే లాభం. అందుకే అద్దె ఎంతని అడగడానికి ముందే “ట్వంటీఫోర్ అవర్సా, పన్నెండుకా?” అని అడగండి. రిజిస్టరులో మీరు వచ్చిన టైము మీ చేత్తోనే రాయండి. అడ్వాన్స్ రసీదు మీదా అదే టైము వేయించుకోండి. గొడవ వచ్చినప్పుడు పనికొచ్చేది ఆ అంకె ఒక్కటే.

ఒక్క పగలు పనికైతే లాడ్జి అక్కర్లేకపోవచ్చు. కన్‌ఫర్మ్ లేదా ఆర్‌ఏసీ టికెట్ ఉన్నవాళ్లు పీఎన్‌ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో రిటైరింగ్ రూమ్ బుక్ చేసుకోవచ్చు. కొన్ని స్టేషన్లలో డార్మిటరీ పడకలు కూడా ఉంటాయి. సామాను ఒక్కటే బెడద అయితే క్లోక్‌రూమ్‌లో పెట్టవచ్చు. బ్యాగుకు తాళం ఉండాలి, టికెట్ చూపించాలి.

స్టేషన్ బయట ఆటో ఎక్కి మీకు కావలసిన లాడ్జి పేరు చెబితే, “అది మూసేశారు, నిండిపోయింది, మంచిది నేను చూపిస్తా” అనేవాళ్లు ఎదురవుతారు. అలా తీసుకెళ్లినవాళ్లకు కౌంటర్ దగ్గర కమీషన్ ముడుతుంది. ఆ కమీషన్ మీ అద్దెలోనే కలుస్తుంది. ఆటో ఎక్కకముందే లాడ్జికి మీరే ఫోన్ చేసి కనుక్కోండి.

మా బాబును నిలోఫర్‌లో చూపించాలి. పది పదిహేను రోజులు పట్టవచ్చన్నారు. ఆస్పత్రికి దగ్గరలో తక్కువలో గది దొరుకుతుందా? గదిలో ఎలక్ట్రిక్ కుక్కర్‌లో గంజి, పప్పన్నం వండుకోవచ్చా?
*– ఒక తల్లి, నారాయణఖేడ్*

ముందు బాబు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నానమ్మా. నిలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి రెండూ రెడ్‌హిల్స్‌లోనే ఉన్నాయి. నాంపల్లి స్టేషన్ వైపు లాడ్జిల నుంచి నడిచిపోయేంత దూరం. లక్డీకాపూల్ వైపు కూడా అడగండి. ఇది చదివే ఇతరులకు చెబుతున్నాను: నిమ్స్ ఆస్పత్రికి వెళ్లేవాళ్లు పంజాగుట్టలోనే గది వెతకనక్కర్లేదు. నాంపల్లిలో మెట్రో ఎక్కితే ఐదో స్టేషన్ పంజాగుట్ట. అసెంబ్లీ, లక్డీకాపూల్, ఖైరతాబాద్, ఇర్రంమంజిల్ దాటగానే దిగడమే.

పది రోజులకు మించి ఉండేలా ఉంటే రోజు అద్దె ఒప్పుకోవద్దు. “వారానికి ఎంత?” అని అడగండి. కౌంటర్‌లో ఉన్న మేనేజరుకు కొంత తగ్గించే అధికారం ఉంటుంది. రోగితో వచ్చామని చెప్పడానికి మొహమాటపడకండి. వారం డబ్బు ఒకేసారి మాత్రం కట్టకండి. డిశ్చార్జి ముందే అయితే మిగిలింది వెనక్కి రాబట్టుకోవడం కష్టం. మూడేసి రోజులకు కట్టి, ప్రతిసారీ రసీదు తీసుకోండి.

వంట సంగతి. పాత భవనాల్లో గదుల వైరింగ్ ఫ్యానుకు, లైటుకు, ఫోన్ చార్జరుకు సరిపోయేలా వేసినది. అందులో కుక్కరు, ఇండక్షన్ స్టవ్, నీళ్లు కాచే రాడ్ పెడితే ప్లగ్గు వేడెక్కి కరిగిపోతుంది. అందుకే లాడ్జివాళ్లు వద్దంటారు. దొంగచాటుగా పెట్టుకోవద్దు. దిగేటప్పుడే అడగండి. ఆస్పత్రుల చుట్టుపక్కల కొందరు చిన్న వంటగదితో గదులు ఇస్తారు, ఇంకొందరు కింద మెస్సులో గంజి కాచి ఇస్తారు. పసివాడి తిండి గురించి అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

డబ్బు మరీ కష్టంగా ఉంటే, పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల దగ్గర రోగుల సహాయకుల కోసం నైట్ షెల్టర్లు ఉన్నాయి. ఆస్పత్రి హెల్ప్‌డెస్క్‌లో అడగండి. రాత్రి మీరొకరు పిల్లవాడి దగ్గరుండి, ఇంకొకరు షెల్టర్‌లో పడుకున్నా పది రోజుల గది అద్దె మిగులుతుంది.

పోటీ పరీక్ష రాయడానికి ఒక్కదాన్నే హైదరాబాద్ వచ్చాను. “సింగిల్ లేడీస్‌కి గది ఇవ్వం” అని రెండుచోట్ల పంపేశారు. అలాంటి రూల్ ఉందా? గది దొరికాక కూడా రాత్రంతా భయంతో నిద్రపట్టలేదు. ఏమేం చూసుకోవాలి?
*– ఒక పాఠకురాలు, జగిత్యాల*

అలాంటి చట్టం ఏదీ లేదమ్మా. వయసు నిండిన ఆడపిల్ల గుర్తింపు కార్డు చూపించి గది అడిగితే ఇవ్వకూడదనే నియమం దేశంలో ఎక్కడా లేదు. “పోలీసులు ఒప్పుకోరు” అని కౌంటర్‌లో చెప్పేది తమకు బాధ్యత తప్పించుకోవడానికి చెప్పే మాట. పెళ్లికాని జంటలకూ అదే చెబుతారు. పెద్దవాళ్లైన ఇద్దరు కలిసి హోటల్ గదిలో ఉండటం నేరం కాదని 2019 డిసెంబరులో మద్రాసు హైకోర్టు స్పష్టంగా చెప్పింది. రాత్రి పదింటికి కౌంటర్ దగ్గర వాదిస్తూ నిలబడటం మీకు క్షేమం కాదు కాబట్టి, ఊరు దాటకముందే ఫోన్ చేసి “నేనొక్కదాన్నే వస్తున్నాను, పరీక్ష ఉంది” అని చెప్పి ఒప్పించుకోండి. బుకింగ్ యాప్‌లో డబ్బు కట్టినా సరే, లాడ్జికి నేరుగా ఫోన్ చేసి పేరు చెప్పండి. యాప్‌లో గది చూపించి, వెళ్లాక లేదనడం ఈ వ్యాపారంలో మామూలైపోయింది.

ఇప్పుడు గది సంగతి. సామాను లోపల పెట్టకముందే, డబ్బు కట్టకముందే గది చూపించమనండి. చూపించనంటే వెనక్కి తిరగండి.

తలుపు మూసి లోపలి గడియ వేయండి. అది తలుపుచెక్కలోకి బిగిసి ఉందా, మేకులు ఊడి ఊగుతోందా చూడండి. తలుపును ఒకసారి గట్టిగా లాగండి. పాత లాడ్జిల్లో బయటివైపు తాళంకప్ప వేసే గడియ ఉంటుంది. లాడ్జి తాళంకప్పకు ఇంకో తాళంచెవి కౌంటర్‌లో తప్పకుండా ఉంటుంది. మీ సొంత తాళంకప్ప తెచ్చుకుని, బయటికి వెళ్లేటప్పుడు అది వేసుకోండి. ఇందులో తప్పేమీ లేదు, మేనేజరుకు చెప్పి వేయండి. పక్కగదిలోకి తెరుచుకునే తలుపు ఉంటే ఆ గది వద్దనండి. బాత్‌రూమ్ వెంటిలేటర్ వరండాలోకి ఉందా, బయటి గోడకు ఉందా చూడండి. వరండా వైపు ఉంటే అద్దానికి పేపరు అంటించి ఉండాలి. లేకపోతే అంటించమనండి.

కెమెరాల భయం గురించి చాలామంది రాశారు. మంచానికి, బాత్‌రూమ్‌కు ఎదురుగా ఉన్నవి ఒక్కొక్కటి చూడండి. గోడగడియారం, పొగ పసిగట్టే డబ్బా, ఎవరూ వాడని చార్జర్, సెట్‌టాప్ బాక్స్, స్విచ్‌బోర్డులో అక్కర్లేని రంధ్రం. లైట్లార్పి ఫోన్ టార్చితో దగ్గరగా వెలుతురు వేస్తే లెన్సు చుక్కలా మెరుస్తుంది. ఏదైనా కనిపిస్తే దాన్ని పీకకండి, కౌంటర్‌కు వెళ్లి అడగకండి. ఫొటో తీసుకుని, గదిలోంచి బయటికి వచ్చి 112కు ఫోన్ చేయండి. ఆడవాళ్లను వాళ్లకు తెలియకుండా అలా చిత్రీకరించడం భారతీయ న్యాయసంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే జైలుశిక్ష ఉంది.

రాత్రి ఎవరు తలుపు కొట్టినా తెరవకండి. నీళ్లు, దుప్పటి అన్నీ తొమ్మిదిలోపు తెప్పించుకోండి. “చెకింగ్” అని ఎవరైనా వస్తే లోపలినుంచే కౌంటర్‌కు ఫోన్ చేయండి, ఆ తర్వాత 112కు చేసి నిర్ధారించుకోండి. నిజంగా పోలీసులే అయితే మీరు అలా కనుక్కున్నందుకు కోపగించుకోరు.

ఎనిమిది వందల గదికి జీఎస్టీ, సర్వీస్ చార్జి అంటూ నూట అరవై అదనంగా తీసుకున్నారు. ఆఫీసులో టీఏ బిల్లు పెడితే “ఇది బిల్లే కాదు” అని తిప్పి పంపారు.
*– ఒక చిరుద్యోగి, ఒంగోలు*

2022 జూలై 18కి ముందు వెయ్యి రూపాయల వరకు అద్దె ఉన్న గదికి పన్ను లేదు. ఆ రోజు నుంచి పన్నెండు శాతం వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు ఏడువేల అయిదువందల వరకు ఉన్న గదులకు అయిదు శాతం. అంటే మీ గదికి పన్ను నలభై రూపాయలు, మొత్తం ఎనిమిది వందల నలభై.

సర్వీస్ చార్జి మీ ఇష్టం. బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని అడగండి.

మీ ఆఫీసు తిప్పి పంపిన కారణం నాకు అర్థమైంది. ఆ కాగితం మీద జీఎస్టీ నంబరు ఉండి ఉండదు. ఏడాది ఆదాయం ఇరవై లక్షలు దాటని చిన్న లాడ్జికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు పన్ను పేరుతో పైసా తీసుకోకూడదు. నంబరు లేకుండా పన్ను వసూలు చేస్తే అది ప్రభుత్వానికి చేరదు. కౌంటర్‌లో మాట కుదరకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా, మీరు చెల్లించింది అయిదు లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. నూట ఇరవై రూపాయల కోసం అంత దూరం ఎందుకని అనుకోవద్దు. చాలామంది అలా ఊరుకోబట్టే ఈ వసూళ్లు నడుస్తున్నాయి.

లాడ్జిలో ఆధార్ జిరాక్స్ తీసుకున్నారు, వాట్సాప్‌లో ఫొటో కూడా పంపమన్నారు. ఇవ్వాలా?
*– ఒక పాఠకుడు, ఖమ్మం*

గుర్తింపు చూపించడం తప్పదు. రిజిస్టరులో పేరు, ఊరు, ఎక్కడినుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తున్నారు అన్నవి రాయడం కూడా తప్పదు. అయితే ఆధారే ఇవ్వాలని లేదు. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు ఏదైనా చాలు. ఆధారే ఇస్తే చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకుని, అది ఇవ్వండి. జిరాక్స్ మీద అడ్డంగా లాడ్జి పేరు, తేదీ, “బసకు మాత్రమే” అని రాసి సంతకం చేయండి. రూమ్‌బాయ్ సొంత ఫోన్‌కు ఫొటో మాత్రం పంపకండి. కాగితం ఫైల్లో ఉంటుంది, ఆ ఫొటో ఎవరి ఫోన్లో ఎన్నాళ్లు ఉంటుందో లాడ్జి యజమానికే తెలియదు.

మూడు రోజులు ఉండి వచ్చాక ఒళ్లంతా వరసగా దద్దుర్లు. ఇంట్లోకి కూడా నల్లులు వస్తాయేమోనని భయంగా ఉంది.
*– ఒక గృహిణి, నంద్యాల*

వరసగా మూడు నాలుగు కాట్లు ఉంటే అవి నల్లులే అయ్యే అవకాశం ఎక్కువ. దోమకాటు అలా వరసలో ఉండదు. నల్లులు రోగాలు అంటించవు కాబట్టి కంగారుపడకండి. దురదకు డాక్టరు చెప్పిన మందు రాయండి, గోకకండి. తెచ్చిన బట్టలన్నీ ఉతుక్కోగలిగినంత వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి. బ్యాగును ఇంట్లోకి తేకుండా మేడమీద మిట్టమధ్యాహ్నం ఎండలో జిప్పులన్నీ తెరిచి పెట్టి, కుట్ల దగ్గర బ్రష్షుతో దులపండి. ఒక్క ఎండతో అన్నీ చావకపోవచ్చు, రెండు మూడు రోజులు చేయండి.

ఇకమీదట గదిలోకి వెళ్లగానే దుప్పటి తీసి పరుపు అంచు కుట్లు, మంచం తలవైపు చెక్క వెనక చూడండి. సిరాచుక్కల్లాంటి నల్లమచ్చలు ఉంటే గది మార్చమనండి. బ్యాగును మంచం మీద పెట్టవద్దు, కుర్చీ మీద పెట్టండి.

జనవరిలో అదే గదికి రెట్టింపు అడిగారు. ఎందుకు?
*– ఒక వ్యాపారి, రాయచోటి*

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ జరుగుతుంది. స్టాళ్లవాళ్లు, వాళ్ల పనివాళ్లు గదులన్నీ ముందే పట్టేస్తారు. జూన్‌లో మృగశిర కార్తె రోజున అక్కడే చేపమందు పంచుతారు, ఆ రెండు మూడు రోజులూ అంతే. అప్పుడు కాచిగూడ వైపో, మెట్రో దారిలో ఇంకొంచెం దూరమో చూసుకోండి.

అమెరికా పాస్‌పోర్టు ఉన్న మా అబ్బాయికి గది లేదన్నారు.
*– ఒక తండ్రి, తెనాలి*

విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగితే లాడ్జివాళ్లు ఇరవై నాలుగు గంటల్లోగా ఆ వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి. ఆ ఏర్పాటు లేని చిన్న లాడ్జిలు గది లేదనేస్తాయి. “విదేశీ పాస్‌పోర్టు వివరాలు ఆన్‌లైన్‌లో పంపుతారా?” అని ముందే అడగండి. పాస్‌పోర్టుతో పాటు వీసా గానీ ఓసీఐ కార్డు గానీ దగ్గర ఉండాలి.

వరంగల్ స్టేషన్ దగ్గర మా నాన్న నడిపే పాత లాడ్జి ఇప్పుడు నా చేతికి వచ్చింది. మూడంతస్తులు, ఒకటే మెట్లదారి. కింద సెల్లార్ ఎలక్ట్రిక్ స్కూటర్ల డీలరు గోడౌన్‌గా అడుగుతున్నాడు, మంచి అద్దె ఇస్తానంటున్నాడు. మా దగ్గర దిగేవాళ్లు అయిదారు వందలకు మించి ఇవ్వరు. భద్రతకు ఎంతని పెట్టగలం? ఎక్కడ మొదలుపెట్టాలి?
*– ఒక పాఠకుడు, వరంగల్*

అడిగినందుకు మీకు నమస్కారం. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసినది మీదే.

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచాయి. దాని పైన లాడ్జి ఉంది. పొగ మెట్లదారిలోంచి పైకి ఎగబాకింది. ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లంతా పనుల మీద ఊరికి వచ్చి గది తీసుకున్న మామూలు మనుషులు. మరుసటి ఏడాది నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింది అంతస్తులో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లో ఉన్న తొమ్మిది మంది చనిపోయారు. 2019 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున ఢిల్లీ కరోల్‌బాగ్‌లో ఒక హోటల్ కాలి పదిహేడు మంది పోయారు. మొదటి రెండు చోట్లా పైన ఉన్నవాళ్లకు కింద ఏముందో తెలిసినా చేయగలిగింది లేదు. భవనంలో ఏం పెట్టాలో తేల్చేది యజమాని.

కాబట్టి మీ ప్రశ్నకు మొదటి సమాధానం: ఆ డీలరుకు సెల్లార్ ఇవ్వకండి. బ్యాటరీలు, గ్యాస్ సిలిండర్లు, రంగులు, థిన్నర్లు, పరుపుల గోడౌన్, ఏదీ వద్దు. పనివాళ్ల స్కూటర్ల చార్జింగ్ కూడా మెట్ల కింద వద్దు. దీనికి మీకు ఖర్చేమీ లేదు, రాబోయే అద్దె ఒక్కటే పోతుంది.

రెండోది మెట్లు. ఒకటే దారి ఉన్నప్పుడు అందులో పాత మంచాలు, విరిగిన కుర్చీలు, చాకలి మూటలు పెట్టకూడదు. ఈరోజే తీయించండి. మేడమీదికి తలుపు ఉంటే దానికి రాత్రిపూట తాళం వేయవద్దు. లోపలినుంచి చేత్తో తీయగలిగే గడియ పెట్టండి. కింద పొగ నిండితే పైకి వెళ్లడమే దారి. ముందుగోడకు అందం కోసం అద్దాల ప్యానెళ్లు, రేకులు బిగించి కిటికీలు మూసేయకండి. పొగ బయటికి పోదు, లోపలివాళ్లు కనిపించరు. ప్రతి అంతస్తులో కరెంటు పోయినా వెలిగే లైటు, గడువు తీరని ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. రాత్రి డ్యూటీ కుర్రాడికి దాన్ని వాడటం నేర్పించండి. ఎక్స్‌టింగ్విషర్ గోడకు ఉండి, వాడటం వచ్చినవాళ్లు లేకపోతే లాభం లేదు.

మూడోది బాత్‌రూములు. గ్యాస్ గీజర్లు ఉంటే బయటికి మార్పించండి. మూసిన బాత్‌రూమ్‌లో అది వెలిగితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. రంగు ఉండదు, వాసన ఉండదు. స్నానానికి వెళ్లినవాళ్లు స్పృహ తప్పి పడిపోతారు. అంతకంటే పొద్దున్నే బకెట్లతో వేడినీళ్లు ఇవ్వడం మేలు. ఆ తర్వాత వైరింగ్. నాన్నగారి కాలంలో వేసిన వైర్ల మీద ఇప్పుడు ఏసీలు బిగిస్తే మోయలేవు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో లోడు లెక్క వేయించాకే ఒక్కో ఏసీ పెట్టండి. రెండో మెట్లదారికి స్థలం ఉందో లేదో అగ్నిమాపక శాఖవాళ్లను పిలిచి చూపించండి. బయటి గోడకు ఇనుప మెట్లైనా సరే.

గదుల్లో దిగే పాఠకులకూ ఇందులో పని ఉంది. తక్కువ అద్దె లాడ్జిలో మూడో అంతస్తు దాటి గది తీసుకోకండి. దిగగానే మెట్లు ఎటున్నాయో, కిటికీ తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. కిటికీ లేని గది ఎంత చవకైనా వద్దు. పొగ వస్తే లిఫ్ట్ ఎక్కవద్దు. మెట్లు పొగతో నిండి ఉంటే తలుపు మూసి, తడి తువ్వాలు తలుపు కింద కుక్కి, కిటికీ దగ్గర కిందకు వంగి ఉండి 101కి గానీ 112కు గానీ ఫోన్ చేసి గది నంబరు చెప్పండి.

బాబూ, మీ లాడ్జిలో అయిదువందలు ఇచ్చి పడుకునేవాళ్లలో ఎంజీఎం ఆస్పత్రికి వచ్చినవాళ్లు, పరీక్షలకు వచ్చిన పిల్లలు ఉంటారు. వాళ్లకు ఇంకో చోటికి వెళ్లే స్తోమత ఉండదు. సెల్లార్ ఖాళీగా ఉంచండి. మీ పేటలో ఇంకెవరైనా తమ సెల్లార్ గోడౌన్‌కు ఇచ్చి ఉంటే, దయచేసి వాళ్లకూ ఈ మాట మీరే చెప్పండి.